వెనక గుమ్మం మెట్లెక్కి నేర్చిన పాట: నాష్‌విల్ క్వయర్ నాయకురాలు ఎల్లా షెపర్డ్

అమెరికాలోని టెనెసీ రాష్ట్ర రాజధాని నాష్‌విల్. అక్కడి ఫిస్క్ యూనివర్సిటీలో జూబిలీ హాల్ అనే పాత భవనం ఉంది. దాని లోపల గోడంత ఎత్తున ఒక తైలవర్ణ చిత్రం వేలాడుతుంది. 1873లో ఎడ్మండ్ హావెల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు వేసిన బొమ్మ అది. విక్టోరియా రాణి వేయించిందని ప్రతీతి. అందులో ఉన్నవాళ్లు నల్లజాతి గాయకులు, ఫిస్క్ జూబిలీ సింగర్స్. వాళ్లలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవాళ్లే. పియానో ముందు కూర్చున్న సన్నటి యువతి ఎల్లా షెపర్డ్. అప్పటికి ఆమె వయసు 22 ఏళ్లు.

ఆ బృందానికి డైరెక్టర్ ఎవరని అడిగితే చరిత్ర పుస్తకాలు జార్జ్ వైట్ పేరు చెబుతాయి. ఆయన తెల్లవాడు, ఫిస్క్ కోశాధికారి, సంగీతం అంటే ప్రాణం పెట్టేవాడు. ఆ ప్రయాణాన్ని తలపెట్టింది ఆయనే, అందులో సందేహం లేదు. షెపర్డ్ హోదా మాత్రం పియానిస్టు, సహాయ డైరెక్టర్. కానీ ఆ బృందం రోజువారీ జీవితాన్ని చదువుతూ పోతే మాకు కనిపించే దృశ్యం వేరు. సాధన చేయించింది, పెద్దల నోట విన్న పాటలను స్వరాల్లో రాసిపెట్టింది, వైట్ జబ్బుపడితే బృందాన్ని నడిపింది, గొడవలు వస్తే సర్దింది షెపర్డ్. హోదా ఒకరిది, పని మరొకరిది. ఈ లెక్క దళిత పాఠకులకు కొత్తగా వివరించాల్సింది కాదు.

ఈ వ్యాసం ఆమె పని గురించి. దానితోపాటు ఆమె పుట్టిన ఊరి గురించి కూడా. తనను, తన తల్లిని సరుకుగా చూసిన ఊరిని ఒక మనిషి ఎందుకు ప్రేమించాలి? ఆమె ఆ ఊరిని వదిలి ప్రపంచం తిరిగి, రాణుల ముందు పాడి, చివరికి మళ్లీ అక్కడికే వచ్చి ఇల్లు కట్టుకుంది. ఎందుకన్నది అర్థం కావాలంటే ముందు ఆ ఊరి చట్టం ఏమిటో తెలియాలి.

షెపర్డ్ 1851 ఫిబ్రవరి 4న నాష్‌విల్‌లో పుట్టింది. తండ్రి సైమన్ గుర్రపుబండ్లు అద్దెకు తిప్పేవాడు. తానూ బానిసే అయినా, సంపాదించిన డబ్బుతో 1,800 డాలర్లు కట్టి తన స్వేచ్ఛను తానే కొనుక్కున్నాడు. తల్లి శారా మాత్రం బానిసగానే ఉండిపోయింది. అమెరికా దక్షిణాది చట్టం ప్రకారం బిడ్డకు తల్లి హోదాయే వస్తుంది. తండ్రి స్వతంత్రుడైనా సరే, తల్లి బానిస అయితే కడుపులో ఉండగానే బిడ్డ యజమాని ఆస్తి. మామూలుగా తండ్రి ఇంటిపేరుతో, తండ్రి వంశంతో నడిచిన ఇంగ్లీషు చట్టాన్ని బానిసల విషయంలో మాత్రం తిరగేసి రాసుకున్నారు. తెల్ల యజమాని బలవంతం చేసి కన్న బిడ్డ కూడా అతని వారసుడు కాకుండా అతని సరుకే కావాలంటే చట్టం అలాగే ఉండాలి. పుట్టుకతోనే మనిషి విలువను తేల్చేసే ఏర్పాటుకు ఎప్పుడూ ఒక ఆస్తి లెక్క ఉంటుంది. కులానికీ ఉంది.

ఆమె పసితనంలో జరిగినట్టు ఆ కుటుంబం చెప్పుకున్న సంగతి ఒకటి ఉంది. తల్లి మీద చాడీలు చెప్పేలా యజమానురాలు చిన్నపిల్ల ఎల్లాను మచ్చిక చేసుకుంది. ఆ విషయం తెలిసి శారా కుప్పకూలిపోయింది. ఇలాంటి బతుకుకు బిడ్డను పెంచే కంటే చావే నయమని, పిల్లను ఎత్తుకుని నదివైపు నడిచింది. దారిలో ఒక ముసలమ్మ ఆపింది. ఈ బిడ్డ చెయ్యాల్సిన పని ముందుందని, తొందరపడొద్దని చెప్పి వెనక్కి పంపింది. తర్వాతి రోజుల్లో యూరప్ అంతా పాడిన ఒక పాటకూ ఆ ముసలమ్మ మాటకూ చుట్టరికం ఉందని షెపర్డ్ నమ్మేది.

శారా తెగించింది. బిడ్డను తండ్రికి అమ్మకపోతే ఇద్దరం చస్తామని యజమానురాలికి చెప్పింది. సైమన్ 350 డాలర్లు ఇచ్చి సొంత కూతురిని కొనుక్కున్నాడు. భార్యను కూడా అమ్ముతామని మొదట మాట ఇచ్చి తర్వాత తప్పారు. శారాను మిసిసిపీకి తీసుకెళ్లిపోయారు. తల్లీబిడ్డలు విడిపోయారు.

ఇక్కడ చట్టం మెలిక ఒకటుంది. తండ్రి కొన్నాడు కాబట్టి బిడ్డ స్వతంత్రురాలు అయిపోలేదు. కాగితం మీద ఆమె తండ్రి ఆస్తి. తర్వాత సైమన్ మరో బానిస స్త్రీని 1,300 డాలర్లకు విడిపించి పెళ్లి చేసుకున్నాడు. వ్యాపారం దెబ్బతిని అప్పులు మీదపడ్డాయి. అప్పులవాళ్లు ఇంట్లో సామానును జప్తు చేసినట్టే భార్యనూ బిడ్డనూ జప్తు చేసి వేలం వేయొచ్చు. అందుకే ఆ కుటుంబం రాత్రికి రాత్రి నాష్‌విల్ వదిలి ఒహాయో నది దాటి సిన్సినాటి చేరింది. తండ్రి ప్రేమతో చేసిన కొనుగోలు కూడా బిడ్డకు రక్షణ కాలేకపోయింది.

సిన్సినాటి ఉత్తరాది నగరం. అక్కడ బానిసత్వం లేదు. కానీ అంటు ఉంది. ఆ మాట కావాలనే వాడుతున్నాం. షెపర్డ్‌కు పియానో నేర్పడానికి ఒక తెల్ల టీచర్ ఒప్పుకుంది. షరతులు మాత్రం పెట్టింది. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు. పగలు రాకూడదు, రాత్రి పొద్దుపోయాక రావాలి. ముందు గుమ్మం కాదు, వెనక గుమ్మం నుంచి మెట్లెక్కి వెనక గదిలోకి రావాలి. అలా పన్నెండు పాఠాలు జరిగాయి. ఆ పన్నెండే ఆమెకు దొరికిన పద్ధతి ప్రకారం నేర్చిన సంగీత విద్యలో ముఖ్య భాగం. సతారా బడిలో ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెసంచి మీద విడిగా కూర్చుని అక్షరాలు దిద్దిన భీమ్‌రావును ఎరిగిన వాళ్లం మనం. విద్య పూర్తిగా నిరాకరించటం ఒక పద్ధతి. ఇస్తూనే నీ స్థానం గుర్తుంచుకో అని చెప్పటం రెండో పద్ధతి. రెండోదాన్ని దయ అని కూడా పిలుస్తారు.

1866లో కలరా వచ్చి సైమన్ చనిపోయాడు. మిగిలినవి అప్పులే, పియానో కూడా పోయింది. పదిహేనేళ్ల పిల్ల బట్టలు ఉతికింది, ఇస్త్రీ చేసింది, ఇళ్లలో పనిచేసింది, అప్పుడప్పుడూ కచేరీల్లో వాయించింది. తర్వాత టెనెసీలోని గాలటిన్‌లో విముక్తులైన పిల్లలకు ఐదు నెలలు పాఠాలు చెప్పింది. ఆ ఐదు నెలల్లో మిగిలింది ఆరు డాలర్లు. ఆ ఆరు డాలర్లు పట్టుకుని 1868లో నాష్‌విల్ వచ్చి ఫిస్క్‌లో చేరింది. ఆ డబ్బు మూడు వారాలకు కాస్త పైన సరిపోతుందన్నారు. మిగతాది పనిచేసి కట్టుకుంటానంది. ఆమె పెట్టె ఎంత చిన్నదంటే తోటి విద్యార్థులు దాన్ని చూసి ఎగతాళి చేసేవారట. హాస్టల్‌కు రేకుపెట్టెతో వచ్చిన ఏ పిల్లకైనా ఆ నవ్వు గుర్తుంటుంది.

అప్పటి ఫిస్క్‌ను యూనివర్సిటీ అనటానికి చాలా ధైర్యం కావాలి. అంతర్యుద్ధంలో సైన్యం వాడి వదిలేసిన ఆసుపత్రి బారకాసుల్లో 1866 జనవరిలో ఆ బడి మొదలైంది. చలికాలం గాలి చెక్కల సందుల్లోంచి దూరేది. ఏడేళ్ల పిల్లలూ డెబ్బై ఏళ్ల ముసలివాళ్లూ ఒకే అక్షరాలు దిద్దేవారు. నాష్‌విల్ బానిసల దొడ్డిలో దొరికిన తుప్పుపట్టిన సంకెళ్లను పాత ఇనుము కింద అమ్మి, ఆ డబ్బుతో అక్షరాల పుస్తకాలు కొన్నారని ఫిస్క్‌లో తరతరాలుగా చెప్పుకుంటారు. షెపర్డ్ అక్కడ విద్యార్థినిగా చేరి, సంగీతం నేర్పే పనిలోకి వచ్చింది. ఫిస్క్ బోధనా సిబ్బందిలో తొలి నల్లజాతి వ్యక్తి ఆమేనని చెబుతారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ప్రపంచం ఫిస్క్ పేరు వినగానే గుర్తుచేసుకునేది స్పిరిచ్యువల్స్‌ను, అంటే బానిసలు పొలాల్లో, రహస్య ప్రార్థనల్లో కట్టుకుని పాడుకున్న పాటలను. కానీ మొదట్లో ఫిస్క్ విద్యార్థులు ఆ పాటలను వేదిక మీద పాడేవారు కాదు. వాళ్లు పాడింది యూరప్ కచేరీ పాటలు, దేశభక్తి గీతాలు, తెల్లవాళ్ల కీర్తనలు. బానిసకాలపు పాటలంటే వాళ్లలో రెండు భావాలు కలగలిసి ఉండేవని షెపర్డ్ తర్వాత రాసింది. ఒకటి, అవి మరిచిపోవాల్సిన చీకటి కాలానికి గుర్తు. రెండు, అవి అమ్మానాన్నల ప్రార్థనలు, పరాయివాళ్ల ముందు పరచేవి కావు. సిగ్గూ ఉంది, పవిత్రతా ఉంది. ఈ రెండూ ఒకే గుండెలో ఎలా ఇముడుతాయని అడిగేవాళ్లు డప్పు గురించి మన ఇళ్లలో జరిగే మాటలు వినలేదన్నమాట.

అందుకే ఆ పాటల సాధన తలుపులు మూసుకుని జరిగేది. కిటికీలు వేసుకుని, నేల మీద దగ్గరదగ్గరగా కూర్చుని, బయటికి వినబడకుండా మెల్లగా పాడుకునేవారు. ఒకరికి తల్లి పాట గుర్తుంటుంది, మరొకరికి తాత పాట. అందరి జ్ఞాపకాలనూ కలిపి వరస కట్టటం, ఏ గొంతు ఏ స్వరం పట్టాలో తేల్చటం, దాన్ని కాగితం మీదికి ఎక్కించటం, ఇదంతా షెపర్డ్ చేతిలో పడింది. వెనక గదిలో రాత్రిపూట నేర్చుకున్న స్వరలిపి, మూసిన గదిలో వినబడకుండా పాడిన పాటను పట్టుకుంది. రాయకపోతే ఏమయ్యేదో ఊహించటం కష్టం కాదు. పాడినవాళ్లతోనే చాలా పాటలు పోయేవి.

1871 నాటికి బడి మూతపడే స్థితికి వచ్చింది. పాడి డబ్బు తెద్దామని వైట్ అన్నాడు. పైవాళ్లు వద్దన్నారు. ఖజానాలో మిగిలిన కాస్త డబ్బుతో 1871 అక్టోబర్ 6న బృందం నాష్‌విల్ నుంచి బయల్దేరింది. తొలి మజిలీల్లోనే షికాగో నగరం తగలబడిందన్న వార్త వచ్చింది. తమకే తిండికి జరగని ఆ పిల్లలు, ఒక కచేరీలో వచ్చిన యాభై డాలర్ల లోపు డబ్బును అగ్ని బాధితులకు ఇచ్చేశారు. చలికి తగిన బట్టలు లేవు, హోటళ్లలో గదులు ఇచ్చేవారు కాదు. జూబిలీ సింగర్స్ అన్న పేరు దారిలో, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో పెట్టుకున్నదే. బైబిల్‌లో లేవీయకాండం చెప్పే యాభయ్యో ఏడు, దాసులకు విడుదల దొరికే సంవత్సరం, జూబిలీ. ఓబర్లిన్‌లో పాస్టర్ల సభలో మూసిన గదుల పాటల్ని బయటికి తీశారు. అక్కడి నుంచి దారి తిరిగింది. ఆ డిసెంబర్‌లో బ్రూక్లిన్‌లో హెన్రీ వార్డ్ బీచర్ చర్చి, 1872లో ప్రెసిడెంట్ గ్రాంట్ ముందు పాట, 1873లో ఇంగ్లండ్. ఈ ప్రయాణాల గొప్పలు ఇంకా చాలా ఉన్నాయి, అవి ఎక్కడైనా దొరుకుతాయి.

మాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఆ బృందం పాడిన తీరు. ఆ రోజుల్లో వేదిక మీద నల్ల మనిషి పాట అంటే అమెరికా జనానికి తెలిసింది మిన్‌స్ట్రెల్ ప్రదర్శన. తెల్లవాళ్లు ముఖాలకు మసి పూసుకుని, బానిసలను వెర్రివాళ్లుగా, సోమరులుగా చూపిస్తూ ఎగిరి గంతులేసే తమాషా అది. జూబిలీ సింగర్స్‌ను కూడా కొందరు అదే అనుకుని నవ్వుకోవటానికి వచ్చారు, పత్రికలు అలాగే వెక్కిరించాయి. వాళ్ల ముందు ఈ పిల్లలు వచ్చి కదలకుండా నిలబడ్డారు. ఆర్భాటం లేదు, వేషాలు లేవు. 'స్టీల్ అవే' పాటను దాదాపు వినబడనంత సన్నగా మొదలుపెట్టేవారు. హాలంతా ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించాల్సి వచ్చేది. ఎగతాళికి వచ్చినవాడు ముందు నోరు మూసుకోవాలి, లేకపోతే పాట వినబడదు. మెల్లగా పాడమని పట్టుబట్టినవాడు వైటే. కానీ అంత సన్నని స్వరంలో తొమ్మిది గొంతులు చీలిపోకుండా నిలబడాలంటే వాళ్లలో వాళ్లకు ఒకరి ఊపిరి ఒకరికి తెలియాలి. సన్నగా పాడటం గట్టిగా పాడటం కంటే కష్టం. శ్రుతి జారితే దాచటానికి చోటుండదు. దానికి కావాల్సింది రోజూ గంటల సాధన, ఆ సాధనను చేయించే మనిషి.

క్వయర్‌ను నడపటం అంటే ముందు నిలబడి చేతులు ఊపటమని చాలామంది అనుకుంటారు. మన పల్లెల చర్చిల్లో క్వయర్ నడిపిన అక్కలను అడిగితే అసలు పని ఏమిటో చెబుతారు. ఎవరి గొంతు ఈ వారం బాగాలేదు, ఎవరు ఎవరి పక్కన నిలబడితే శ్రుతి తప్పుతారు, ఎవరికి ఇంట్లో గొడవ, ఎవరు పండక్కి రారు, ఇవన్నీ తలలో పెట్టుకోవటమే సగం పని. షెపర్డ్ పియానో దగ్గర కూర్చునే ఇదంతా చేసింది. ఒళ్లు బలమైనది కాదు, తరచూ జబ్బుపడేది. ఆ పర్యటనల కాలంలో రాసుకున్న డైరీలు ఫిస్క్‌లో ఉన్నాయి. బృందం ఎంత అలిసిపోయిందో, లోపల ఎన్ని విభేదాలున్నాయో అవి చెబుతాయి. ఏడేళ్లలో దాదాపు విరామం లేదు. బడి కోసం పాడటానికి వెళ్లినవాళ్లలో చాలామంది ఆ బడిలో చదువు పూర్తిచేయలేకపోయారు. ఉద్యమాల కోసం డిగ్రీలు వదిలేసిన వాళ్లను ఎరిగిన విద్యార్థులు ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగుతారని మాకు తెలుసు.

దీని మీద ఒక విమర్శ కూడా ఉంది. 1934లో జోరా నీల్ హర్స్టన్ అనే నల్లజాతి రచయిత్రి, కచేరీ వేదికల మీద వినబడేవి అసలు స్పిరిచ్యువల్స్ కావని రాసింది. జనం పాడే పాటలో గొంతులు గరుకుగా ఉంటాయి, ఒకరి స్వరం మీద మరొకరిది పడుతుంది, ప్రతిసారీ కొత్తగా ఉంటుంది. కచేరీ పాట తెల్లవాళ్ల చెవికి తగ్గట్టు నునుపు చేసింది, అన్నది ఆమె వాదన. ఈ విమర్శలో నిజం ఉంది. డప్పును సాంస్కృతిక ఉత్సవం వేదిక ఎక్కించి, చేతికి శాలువా కప్పి పంపించేస్తున్నప్పుడు మనకూ ఇలాగే అనిపిస్తుంది. అయినా షెపర్డ్ తరాన్ని ఆ కొలతతో కొలవటం న్యాయం కాదని మా అభిప్రాయం. పాతికేళ్లు కూడా లేని, నిన్నటిదాకా ఆస్తి జాబితాల్లో పేర్లున్న యువకులు వాళ్లు. మసిపూసిన వెక్కిరింత ఒకవైపు, పూర్తి మౌనం ఇంకోవైపు ఉన్న చోట మూడో దారి వేశారు. డప్పు కొట్టబోమని కింద పడేసిన మాదిగలు ఆత్మగౌరవం కోసమే ఆ పని చేశారు. 1994లో ఈదుముడి నుంచి మొదలైన ఉద్యమానికి దండోరా అని పేరు పెట్టుకున్నవాళ్లూ ఆత్మగౌరవం కోసమే పెట్టుకున్నారు. ఒకే పాట కాలాన్ని బట్టి సంకెల అవుతుంది, జెండా కూడా అవుతుంది. దాన్ని ఎవరు, ఎవరి ముందు, ఎవరి కోసం పాడుతున్నారన్నది చూడాలి.

డబ్బు సంగతికి వస్తే, మొదటి పర్యటనలో 20,000 డాలర్లు వచ్చాయి. ఆ డబ్బుతో అప్పులు తీర్చి, నాష్‌విల్ ఉత్తరాన ఫోర్ట్ గిల్లెమ్ అనే పాత సైనిక కోట ఉన్న స్థలం కొన్నారు. బ్రిటన్ పర్యటన దాదాపు 50,000 డాలర్లు తెచ్చింది. దానితో జూబిలీ హాల్ లేచింది. 1876 జనవరి 1న ప్రారంభించారు. 1878లో హాంబర్గ్‌లో బృందం విడిపోయే నాటికి మొత్తం లక్షా యాభై వేల డాలర్లు సమకూర్చారు. 1888లో ఫిస్క్ నుంచి పట్టా తీసుకున్న డబ్ల్యూ.ఇ.బి. డు బోయిస్ తన 1903 నాటి పుస్తకం 'ద సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్' చివరి అధ్యాయాన్ని ఈ పాటలకే కేటాయించాడు. జూబిలీ హాల్ గోడలు ఆయనకు పాటలతోనే కట్టినట్టు కనిపించాయట.

జూబిలీ సింగర్స్ ఇంగ్లండ్‌లో పాడుతున్న ఆ 1873లోనే, పూనాలో జ్యోతిరావు ఫూలే 'గులాంగిరి' అచ్చువేశాడు. నీగ్రో బానిసత్వాన్ని తొలగించటానికి త్యాగాలు చేసిన అమెరికా ప్రజలకు ఆ పుస్తకాన్ని అంకితమిచ్చాడు. శూద్రాతిశూద్రుల విముక్తికి తన దేశస్తులు కూడా ఆ దారి పట్టాలని ఆశించాడు. బానిసత్వాన్ని రద్దుచేసిన మంచివాళ్లకు ఫూలే దండం పెడుతున్న రోజుల్లో, దాన్నుంచి బయటపడ్డవాళ్లు తమ బడి తామే కట్టుకోవటానికి ఊరూరా పాడుతున్నారు. ఫూలే, సావిత్రీబాయి కూడా బళ్లు కట్టినవాళ్లే. ఆ రెండు పనులూ ఒకదానికొకటి తెలియకుండా ఒకే ఏడాదిలో నడిచాయన్నది మాకు చిన్న విషయంగా అనిపించదు. తర్వాత ఫ్రెడరిక్ లౌడిన్ నడిపిన జూబిలీ బృందం 1889-90 ప్రాంతంలో భారతదేశానికి కూడా వచ్చి పాడింది. ఇక డు బోయిస్‌కు 1946లో అంబేడ్కర్ రాసిన ఉత్తరం గురించి ఈ పేజీల పాఠకులకు తెలుసు. అమెరికా నల్లవారు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న విజ్ఞాపన ప్రతిని పంపమని ఆయన అడిగింది ఫిస్క్‌లో చదివిన మనిషినే.

యూరప్ నుంచి తిరిగొచ్చిన షెపర్డ్ కొంతకాలం మళ్లీ కట్టిన బృందంలో పనిచేసి, 1882లో జార్జ్ మూర్ అనే పాస్టర్‌ను పెళ్లి చేసుకుంది. కొన్నేళ్లు వాషింగ్టన్‌లో ఉన్నారు. తర్వాత నాష్‌విల్‌కు తిరిగొచ్చి ఫిస్క్ పక్కనే ఇల్లు ఏర్పరచుకున్నారు. యుద్ధం ముగిశాక ఆమె తల్లిని వెతికి పట్టుకుంది. మిసిసిపీ నుంచి శారా నాష్‌విల్ వచ్చింది. ఏ ఊళ్లో తల్లినీ కూతురినీ వేరుచేసి అమ్మారో అదే ఊళ్లో, పాడిన డబ్బుతో తల్లికీ చెల్లికీ ఇల్లు కట్టించింది.

ఇక్కడ ప్రేమ అన్న మాట జాగ్రత్తగా వాడాలి. కవులు ఊరిని ప్రేమించటం వేరు. ఊరి బయట పుట్టినవాళ్లు ఊరిని ప్రేమించటం వేరు. మనం వెలివాడ నుంచి ఊరివైపు చూసినప్పుడు కలిగేది తీపి జ్ఞాపకం కాదు. ఆ బావి దగ్గర ఏం జరిగిందో, ఆ అరుగు మీద ఎవరు కూర్చోకూడదో మనకు తెలుసు. అయినా చదువుకుని పట్నం చేరినవాళ్లు తిరిగి వెళ్లి వాడలో లైబ్రరీ పెడతారు, అంబేడ్కర్ విగ్రహం నిలబెడతారు. ఊరు మారిందని నమ్మి కాదు, ఊరు తమది కూడా అని చెప్పటానికి. షెపర్డ్ నాష్‌విల్ ప్రేమను మేము అలాగే చదువుతున్నాం. ఆమెకు ప్రపంచంలో వేరే చోట్లు దొరక్కపోలేదు. ఇంగ్లండ్‌లోనే ఉండిపోయిన తోటి గాయకులూ ఉన్నారు. ఆమె మాత్రం పాతికేళ్ల కింద సంకెళ్లు అమ్ముడైన ఊళ్లో పిల్లలకు పాట నేర్పటానికి కూర్చుంది. ఫిస్క్ విద్యార్థుల కొత్త బృందాలకు శిక్షణ ఇచ్చింది, మహిళా మిషన్ సంఘాల్లో పనిచేసింది, దక్షిణాది బళ్లలో మాట్లాడింది. ఆమె ఉండగానే 1909లో ఫిస్క్ గాయకుల గొంతులు విక్టర్ కంపెనీ రికార్డుల్లోకి ఎక్కాయి. 1871 బృందం గొంతు మాత్రం వినే దారి లేదు. ఆమె 1914 జూన్ 9న నాష్‌విల్‌లోనే చనిపోయింది.

ఆ ఊరు ఆమెకు ఏమిచ్చింది? నాష్‌విల్‌ను ఇవాళ మ్యూజిక్ సిటీ అంటారు. జూబిలీ సింగర్స్ పాట విని విక్టోరియా రాణి మీరు సంగీత నగరం నుంచి వచ్చినట్టున్నారు అందని, అప్పటి నుంచే ఆ పేరు వచ్చిందని నగరం ఇష్టంగా చెప్పుకుంటుంది. వినటానికి బాగుంటుంది కానీ దీనికి గట్టి ఆధారం లేదు. మ్యూజిక్ సిటీ యు.ఎస్.ఎ. అన్న పేరు వాడుకలోకి తెచ్చింది 1950లో డబ్ల్యూ.ఎస్.ఎం. రేడియో అనౌన్సర్ డేవిడ్ కాబ్. తెల్లవాళ్ల కంట్రీ సంగీతం ప్రసారమయ్యే స్టేషన్ అది. బిరుదు ప్రచారం అయ్యేది కంట్రీ సంగీతంతో, దానికి చరిత్ర కావాల్సి వచ్చినప్పుడు మాత్రం జూబిలీ సింగర్స్ గుర్తొస్తారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1960 ఫిబ్రవరిలో నాష్‌విల్ దుకాణాల్లో నల్లవారికి భోజనం పెట్టని కౌంటర్ల దగ్గర విద్యార్థులు కూర్చుని నిరసన మొదలుపెట్టారు. ముందు నడిచినవాళ్లలో ఫిస్క్ విద్యార్థిని డయాన్ నాష్ ఉంది. వాళ్లకు శిక్షణ ఇచ్చిన జేమ్స్ లాసన్ అంతకు కొన్నేళ్ల ముందు నాగపూర్‌లోని హిస్లాప్ కాలేజీలో పనిచేసి వెళ్లినవాడు. మే నెలలో కౌంటర్లు తెరుచుకున్నాయి. ఆ దశాబ్దం చివరికే, ఫిస్క్ ఉన్న ఉత్తర నాష్‌విల్ గుండా ఇంటర్‌స్టేట్ 40 హైవే వేశారు. జెఫర్సన్ స్ట్రీట్ చుట్టుపక్కల నల్లవాళ్ల వందల ఇళ్లు, దుకాణాలు, పాటల క్లబ్బులు పోయాయి. జనం 1967లో కోర్టుకెళ్లారు, ఓడిపోయారు. నగరం రోడ్డు గీసేటప్పుడు ఎవరి వాడ మీదుగా గీస్తుందో నాష్‌విల్‌లోనూ ఒకటే, మన దగ్గరా ఒకటే.

జూబిలీ సింగర్స్ మాత్రం ఆగలేదు. ఇవాళ్టికీ ఫిస్క్ విద్యార్థులే ఆ బృందంలో పాడతారు. 2021లో వాళ్ల ఆల్బమ్‌కు గ్రామీ అవార్డు వచ్చింది. ఘనాలో పుట్టి, ఇదే బృందంలో విద్యార్థిగా పాడి, 1994 నుంచి 2022లో చనిపోయేదాకా దాన్ని నడిపిన పాల్ క్వామి అప్పటి డైరెక్టర్. ఆయన కచేరీలో విద్యార్థుల ముందు నిలబడి చేతులు ఊపేవాడు కాదు. సాధన చేయించి, వేదికను వాళ్లకు వదిలేసేవాడు. ముందు ఎవరూ నిలబడకుండా, ఒకరి ఊపిరి ఒకరు చూసుకుంటూ పిల్లలు పాట ఎత్తుకుంటారు.

ప్రతి ఏటా అక్టోబర్ 6న ఫిస్క్‌లో జూబిలీ డే జరుపుతారు. సభ అయ్యాక విద్యార్థులు నగరం పాత శ్మశానానికి వెళ్తారు. అక్కడ సమాధి అయిన తొలితరం గాయకుల దగ్గర నిలబడి పాడతారు. వాటిలో ఎల్లా షెపర్డ్ మూర్ సమాధి కూడా ఉంది. అక్కడ పియానో ఉండదు. శ్రుతి ఎవరో ఒకరు గొంతుతోనే ఇవ్వాలి.